మన సొమ్ముకు కావలి కాస్తున్న లెక్కల మనిషి – లియొనార్డ్ ఆయిలర్



ఇటువంటి ప్రత్యేక సంచికలో ఒక మహనీయుని జీవితం గురించి రాయవలసి వస్తే మనం సాధారణంగా ఒక జాతీయ నాయకుణ్ణో, సంఘ సంస్కర్తనో, వాగ్గేయకారుణ్ణో ఎంచుకుంటాము. ఈసారి నేను ఒక గణిత శాస్త్రజ్ఞుని ఎంచుకున్నాను. ఆయన స్విట్జర్లాండులో పుట్టి, రష్యాలోనూ బెర్లిన్‌లోనూ ఉద్యోగం చేసి, 1783లో కన్నుమూశారు. మన దేశాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. విద్యుత్ దీపం కూడా లేని కాలం ఆయనది. అయినా ఈనాడు ఒక బ్యాంకు కంప్యూటరు మరో బ్యాంకు కంప్యూటరుకు డబ్బు పంపినట్లు సందేశం ఇస్తే, అది నిజమైన సందేశమా కాదా అని తేల్చే పనిలో ఆయన 1763లో అచ్చు వేయించిన ఒక సూత్రం ఉన్నది. మన పిల్లలు పంపే డబ్బు, మనుమరాలి కాలేజీ ఫీజు, మన పింఛను, ఇవన్నీ అటువంటి సందేశాల మీదనే నడుస్తున్నాయి. కనుక ఆయన గురించి నాలుగు మాటలు తెలుసుకోవడం మనకు తగిన పని అని భావిస్తున్నాను.

పాత సమస్య

నేను 1971లో బ్యాంకులో గుమాస్తాగా చేరి 2008లో మేనేజరుగా పదవీ విరమణ చేశాను. నాతోటి వారికి టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఎక్కడో దూరాన ఉన్న శాఖ నుండి ఫలానా వారికి ఇంత సొమ్ము చెల్లించమని తంతి వచ్చేది. తంతి మీద సంతకం ఉండదు. తంతి కార్యాలయంలో ఎవరు ఇచ్చినా అది వస్తుంది. మరి నమ్మడం ఎలా? అందుకే తంతిలో ఒక టెస్ట్ నంబరు ఉండేది. మేనేజరు గారి ఇనప్పెట్టెలో ఉండే కోడ్ పుస్తకం తీసి, తేదీకి, మొత్తానికి, శాఖకు తగిన అంకెలు కూడి, ఆ నంబరు సరిపోతేనే చెల్లింపు. కాగితాల మీద వచ్చే సూచనలకైతే స్పెసిమెన్ సంతకాల పుస్తకం ఉండేది. అధికారి బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా, ఆ సంతకం ఇక చెల్లదని హెడ్డాఫీసు నుండి సర్క్యులరు వచ్చేది.

ఈ పద్ధతి చాలా ఏళ్లు మనల్ని కాపాడింది. కాని దానిలో ఒక చిక్కు ఉన్నది. కోడ్ పుస్తకం రెండు చోట్లా ఒకటే. నంబరు సరిచూడగలిగిన వాడు నంబరు సృష్టించనూ గలడు. రెండవ చిక్కు, ఆ రహస్యాన్ని ముందుగా రెండో చోటికి భద్రంగా చేర్చాలి. ఒకరినొకరు వేరువేరు రహస్యాలతో గుర్తించుకోవలసిన బ్యాంకులు 100 ఉంటే, జంటకు ఒకటి చొప్పున 4,950 రహస్యాలు కావాలి. సంతకం చేసేవాడి దగ్గర మాత్రమే రహస్యం ఉండి, దానిని సరిచూసే శక్తి మాత్రం లోకంలో అందరికీ ఉండే ఉపాయం ఏదైనా ఉంటే ఈ చిక్కు తీరుతుంది. ఆ ఉపాయానికి మూలం ఆయిలర్ గారి లెక్క.

బాల్యం, విద్య

లియొనార్డ్ ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించారు. తండ్రి పాల్ ఆయిలర్ క్రైస్తవ మత గురువు. కొడుకు కూడా తన బాటలోనే నడవాలని ఆయన కోరిక. తండ్రికి గణితంలో ప్రవేశం ఉండటం వల్ల తొలి పాఠాలు ఇంట్లోనే జరిగాయి. 13 ఏళ్లకే కుర్రవాడు బాసెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పుడు యూరపు ఖండంలో పేరు మోసిన గణితవేత్త యోహాన్ బెర్నూలీ అక్కడే ఉన్నారు. ఆయనకు విడిగా పాఠం చెప్పే తీరిక లేదు. కఠినమైన పుస్తకాలు చదువుకొని, అర్థం కాని చోట్లు గుర్తు పెట్టుకొని, శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమన్నారు. వారానికి ఒక్క పూట గురువు సమయం దొరుకుతుంది కనుక, ప్రశ్నలు వీలైనంత తక్కువగా ఉండేలా కుర్రవాడు ముందే కష్టపడి చదివేవారు. చివరకు బెర్నూలీ గారే తండ్రికి నచ్చజెప్పి మత విద్య నుండి గణితం వైపు మళ్లించారు.

ఇంత ప్రతిభావంతునికి సొంత ఊళ్లో ఉద్యోగం దొరకలేదు. 1727లో బాసెల్‌లో భౌతిక శాస్త్ర ఆచార్య పదవికి ప్రయత్నించి విఫలులయ్యారు. అప్పటికి ఆయనకు ఇంకా 20 ఏళ్లు నిండలేదు. అంతకు ముందే రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గులో కొత్తగా ఏర్పడిన అకాడమీలో పిలుపు వచ్చింది. పొట్ట చేతపట్టుకొని దూరదేశం వెళ్లడం మన తరానికే కాదు, ఆయన తరానికీ ఉన్నదే. మే నెలలో అక్కడికి చేరారు. ఆ తర్వాత జన్మభూమిలో మళ్లీ నివసించలేదు.

మొదటి ఉద్యోగం

పీటర్స్‌బర్గులో తొలి రోజులు సుఖంగా గడవలేదు. కొంతకాలం రష్యా నౌకాదళంలో వైద్య విభాగపు అధికారిగా కూడా పని చేశారు. 1733లో గణిత శాఖకు పెద్ద అయ్యారు. 1734లో అక్కడి చిత్రకారుని కుమార్తె కాతరీనా గ్సెల్‌ను వివాహమాడారు. వారికి 13 మంది సంతానం కలిగితే, పసితనం దాటి బ్రతికినవారు ఐదుగురే.

ఆ రోజుల్లో అకాడమీ కార్యదర్శి క్రిస్టియన్ గోల్డ్‌బాక్ అనే ఆయన ఉత్తరాల ద్వారా ఆయిలర్‌కు సంఖ్యల మీద ఆసక్తి కలిగించారు. అంతకు 100 ఏళ్ల కిందట ఫ్రాన్సులో న్యాయస్థానంలో ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లో లెక్కలు చేసుకున్న ఫెర్మా అనే ఆయన ఒక ఊహ చేశారు. 3, 5, 17, 257, 65,537 అనే సంఖ్యల వరుస ఉన్నది. ఒక్కొక్కటి 2ను తగినన్ని సార్లు గుణించి 1 కలిపితే వచ్చేది. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే, అంటే 1తోనూ, తమతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడనివి. వరుసలో తర్వాత వచ్చేవన్నీ కూడా అంతేనని ఫెర్మా నమ్మకం. 1732లో, 25 ఏళ్ల వయసులో, ఆయిలర్ ఆ తర్వాతి సంఖ్య 4,29,49,67,297ను తీసుకొని, అది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని చూపించారు. ఫెర్మా ఊహ వీగిపోయింది.

ఇది నిరుపయోగమైన వినోదంగా కనిపించవచ్చు. కాని ఈ వరుసలోని 65,537 అన్న సంఖ్యను గుర్తు పెట్టుకోండి. దానితో మనకు ముందు పని ఉన్నది.

1735లో, ఎందరో పెద్దలకు కొరకరాని కొయ్యగా ఉన్న ఒక అనంత శ్రేణి మొత్తాన్ని తేల్చి ఆయన యూరపు అంతటా పేరు పొందారు. కాని 1738 నాటికి తీవ్రమైన జ్వరాల వల్ల కుడి కంటి చూపు పోయింది. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు.

బెర్లిన్‌లో 25 ఏళ్లు

రష్యాలో రాజకీయ అలజడులు పెరగడంతో 1741లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆహ్వానంపై ఆయన బెర్లిన్ వెళ్లారు. అక్కడ 25 ఏళ్లు పని చేశారు. ఉద్యోగమంటే గణితం ఒక్కటే కాదు. వేధశాల బాగోగులు, తోట పని వారి వ్యవహారాలు, కాలువల మట్టాలు, అకాడమీకి ముఖ్య ఆదాయమైన పంచాంగాల అమ్మకం, అన్నీ ఆయన మీదనే పడేవి. ఖజానాకు డబ్బు కావలసి రాజుగారు లాటరీ పెట్టాలని ఆలోచించినప్పుడు, 1749లో దాని లాభనష్టాలు లెక్కగట్టినదీ ఆయనే. 1760 ప్రాంతంలో మరణాల పట్టికలను ఆధారం చేసుకొని, జీవితాంతం ఏటేటా ఇంత సొమ్ము ఇవ్వాలంటే ముందుగా ఎంత కట్టించుకోవాలో లెక్క వేసే విధానం రాశారు. మన పింఛను కమ్యుటేషను పట్టికలకు అవి పూర్వీకులని చెప్పుకోవచ్చు.

ఇంత చేసినా రాజుగారి ఆదరణ ఆయనకు పూర్తిగా దక్కలేదు. ఫ్రెడరిక్‌కు చమత్కారంగా మాట్లాడే ఫ్రెంచి పండితులంటే ఇష్టం. ఆయిలర్ దైవభక్తి గల సాదాసీదా సంసారి. ఒంటి కంటి మనిషి అని ఆయనను రాజు గేలి చేసేవాడు. 1759లో అకాడమీ అధ్యక్షుడు మరణించినప్పుడు, ఆ పనంతా నిజానికి ఆయిలరే చేస్తున్నా, అధ్యక్ష పదవి మాత్రం ఆయనకు ఇవ్వలేదు. పదోన్నతి జాబితాలో తన పేరు కనపడని రోజును చూసిన మిత్రులకు ఆ బాధ వివరించనక్కరలేదు. ఆయన మాత్రం పని ఆపలేదు.

ఆ సంవత్సరాలలోనే, 1763లో, మనకు కావలసిన సూత్రం అచ్చయింది. అది ఎటువంటిదో కాగితం, పెన్సిలు తీసుకొని ఎవరైనా చూడవచ్చు. 10 అనే సంఖ్యను తీసుకోండి. దానికంటె చిన్నవై, దానితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 1, 3, 7, 9. అంటే నాలుగు. ఈ నాలుగింటిలో దేనిని తీసుకొని నాలుగు సార్లు వేసి గుణించినా చివరి అంకె 1 వస్తుంది. 3తో 81, 7తో 2,401, 9తో 6,561. అయిదవసారి కూడా గుణిస్తే మొదట తీసుకున్న అంకె చివరన తిరిగి వస్తుంది. 7 అయితే 16,807. 10కి మాత్రమే కాదు, ఏ సంఖ్యకైనా ఇటువంటి చక్రం ఉంటుందని, ఎన్ని గుణకారాలకు చక్రం తిరిగి మొదటికి వస్తుందో ముందుగా చెప్పవచ్చునని ఆయిలర్ నిరూపించారు. బయలుదేరిన అంకె తప్పక ఇంటికి తిరిగి వస్తుందన్న ఈ హామీయే తర్వాతి కథకు మూలం.

వయసు మీద పడిన వేళ

1766లో రష్యా మహారాణి రెండవ కాతరీన్ ఆయనను తిరిగి పిలిచారు. అప్పటికి ఆయనకు 59 ఏళ్లు. మనం రిటైర్మెంటు కాగితాలు సర్దుకునే వయసు. ఆయన తన షరతులు స్పష్టంగా చెప్పారు. ఏడాదికి 3,000 రూబుళ్ల జీతం, భార్యకు పింఛను, కుమారులకు తగిన ఉద్యోగాలు. మహారాణి ఒప్పుకున్నారు. తన తర్వాత ఇల్లాలి గతి ఏమిటన్న చింత ఆ మహా మేధావికి కూడా మనవలెనే ఉన్నదని ఇక్కడ గమనించాలి.

రష్యా చేరగానే మిగిలిన ఎడమ కంటికి కూడా శుక్లం కమ్మింది. 1771లో శస్త్రచికిత్స జరిగి కొద్ది రోజులు చూపు వచ్చింది. ఆ తర్వాత పుండు పడి అదీ పోయింది. ఆ ఏడే పీటర్స్‌బర్గులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆయన ఇల్లు కాలిపోయింది. బాసెల్ నుండి వచ్చిన ఒక పనివాడు మంటల్లోకి వెళ్లి ఆ అంధ వృద్ధుణ్ణి భుజాన వేసుకొని బయటకు తెచ్చాడు. వ్రాతప్రతులను మరికొందరు కాపాడారు. రెండేళ్లకు, 1773లో, సుమారు 40 ఏళ్లు కాపురం చేసిన భార్య మరణించారు.

ఇటువంటి దెబ్బల తర్వాత ఎవరైనా మూల కూర్చుంటారు. ఆయన మాత్రం ఒక పెద్ద బల్ల చుట్టూ శిష్యులను, కొడుకును కూర్చోబెట్టుకొని నోటితో చెబుతూ రాయించారు. ఆయన ధారణ మన అవధానులను గుర్తుకు తెస్తుంది. ఇద్దరు శిష్యులు ఒక శ్రేణిలో 17 పదాలు కూడి, 50వ అంకె దగ్గర విభేదిస్తే, ఆయన మొత్తం లెక్కను మనసులోనే చేసి ఎవరిది సరియైనదో తేల్చారని చెబుతారు. 1770లో జర్మన్ భాషలో వెలువడిన ఆయన బీజగణిత గ్రంథం, గణితం చదువుకోని ఒక పనికుర్రవాడి చేత రాయించినది. వాడికి అర్థమయ్యేలా చెబుతూ పోవడం వల్ల ఆ పుస్తకం ఎంతో తేటగా వచ్చింది. 1772లో, చూపు లేని స్థితిలోనే, 2,14,74,83,647 ప్రధాన సంఖ్య అని తేల్చారు. దాదాపు ఒక శతాబ్దం వరకు అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్యను ఎవరూ కనుగొనలేదు. 1775లో, 68 ఏళ్ల వయసులో, సగటున వారానికి ఒక పరిశోధన వ్యాసం పూర్తి చేశారు.

మనవంటి వారు తప్పక తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. 1776లో, ఆయన ఆధ్వర్యంలో శిష్యుడు నికొలాస్ ఫుస్ సిద్ధం చేసిన ఒక చిన్న గ్రంథం వెలువడింది. దాని విషయం వితంతువుల సహాయ నిధులు. సభ్యుడు ఏ వయసులో చేరితే ఎంత చందా కట్టాలి, అతడు పోయాక భార్యకు ఏటా ఎంత ఇస్తే నిధి నిలబడుతుంది అన్నవి అందులోని లెక్కలు. మనం ఫ్యామిలీ పెన్షన్ అని పిలుచుకునే ఆలోచనకు అంత పాత చరిత్ర ఉన్నది, అందులో ఈయన చేయి ఉన్నది.

1783 సెప్టెంబరు 18న, కొత్తగా కనుగొన్న యురేనస్ గ్రహం కక్ష్య గురించి సహచరునితో మాట్లాడుతూ ఉన్న రోజున, మెదడులో రక్తస్రావం జరిగి ఆయన కన్నుమూశారు. అప్పటికి 76 ఏళ్లు. పదవీ విరమణ అన్నది ఆయన జీవితంలో లేదు. మిగిలిపోయిన వ్యాసాలను అకాడమీ దాదాపు 50 ఏళ్లపాటు అచ్చు వేస్తూనే ఉన్నది. ఆయన రచనలు 800 పైచిలుకు అని తర్వాతి వారు జాబితా వేశారు. సొంత దేశం 1979లో విడుదల చేసిన 10 ఫ్రాంకుల నోటు మీద ఆయన బొమ్మ వేసింది. ఉద్యోగం ఇవ్వని దేశమే చివరకు కరెన్సీ నోటుపై కూర్చోబెట్టింది. ఆ నోటును కూడా తర్వాత ఉపసంహరించారు.

200 ఏళ్ల తర్వాత

1977లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు ఆయిలర్ సూత్రాన్ని బయటకు తీశారు. బ్రిటన్ ప్రభుత్వ రహస్య విభాగంలో క్లిఫర్డ్ కాక్స్ అనే ఆయన 1973లోనే ఇదే ఉపాయం కనిపెట్టినా, 1997 వరకు అది బయటకు రాలేదు.

ఉపాయాన్ని చిన్న సంఖ్యలతో చెబుతాను. 3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తే 33. ఆయిలర్ లెక్క ప్రకారం 33 తాలూకు చక్రం 20, అంటే 2ను 10తో గుణించగా వచ్చినది. ఇప్పుడు 3, 7 అనే రెండు తాళంచెవులు చేసుకుందాము. వాటిని గుణిస్తే 21, అంటే చక్రం ఒక చుట్టు తిరిగి ఒక అడుగు ముందుకు. 7ను బ్యాంకు తన దగ్గర రహస్యంగా దాచుకుంటుంది. 33నూ, 3నూ లోకానికంతా ప్రకటిస్తుంది. పంపవలసిన సందేశం 4 అనుకోండి. బ్యాంకు 4ను ఏడుసార్లు వేసి గుణిస్తుంది. 16,384 వస్తుంది. దానిని 33తో భాగిస్తే శేషం 16. ఈ 16 అన్నదే సంతకం. అందుకున్నవారు 16ను మూడుసార్లు వేసి గుణిస్తే 4,096. 33తో భాగిస్తే శేషం 4. సందేశం తిరిగి వచ్చింది కనుక సంతకం నిజమైనది. సరిచూసే వారికి 3 తెలిస్తే చాలు. 7 తెలియనక్కరలేదు. కోడ్ పుస్తకం రెండు చోట్లా ఉండవలసిన అవసరం అక్కడితో తీరిపోయింది.

33ను చూడగానే 3, 11 అని మనమే చెప్పగలము కనుక దొంగ కూడా 7ను కనిపెట్టగలడు. అందుకే నిజమైన వాడుకలో ఆ సంఖ్య 617 అంకెల పొడవు ఉంటుంది. దానిని విడగొట్టడం నేటి కంప్యూటర్లకు సాధ్యం కాదు. ఇక లోకానికి ప్రకటించే రెండవ తాళంచెవిగా చాలామంది వాడే సంఖ్య 65,537. ఇందాక గుర్తు పెట్టుకోమన్నది దీనినే.

సర్టిఫికెట్ అంటే

ఒక ప్రశ్న మిగిలింది. ఈ తాళంచెవి ఫలానా బ్యాంకుదేనని ఎవరు చెప్పాలి? ఏ మోసగాడైనా తన తాళంచెవిని ప్రకటించి, అది బ్యాంకుదని చెప్పవచ్చును కదా. 1978లో లోరెన్ కోన్‌ఫెల్డర్ అనే ఎం.ఐ.టి. విద్యార్థి తన పరిశోధన పత్రంలో దీనికి సమాధానం సూచించాడు. అందరూ నమ్మే ఒక పెద్ద, బ్యాంకు పేరునూ దాని తాళంచెవినీ ఒకే పత్రంలో రాసి, కింద తన సంతకం పెట్టాలి. ఆ పత్రమే డిజిటల్ సర్టిఫికెట్. అందులో యజమాని పేరు, తాళంచెవి, క్రమసంఖ్య, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు చెల్లుతుంది, ఇచ్చినవారు ఎవరు అన్నవి ఉంటాయి. రెండు బ్యాంకుల కంప్యూటర్లు మాట మొదలుపెట్టే ముందు ఒకదానికొకటి తమ సర్టిఫికెట్లు చూపించుకుంటాయి. పేరు సరిపోవాలి, గడువు మించకూడదు, ఇచ్చినవారి సంతకం నిజమైనది కావాలి, రద్దయిన వాటి జాబితాలో ఉండకూడదు. ఇవన్నీ సరిపోతేనే సంభాషణ. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

మిత్రులారా, ఇది మనకు తెలియని విషయం కాదు. అది స్పెసిమెన్ సంతకాల పుస్తకమే. రద్దు జాబితా మన హెడ్డాఫీసు సర్క్యులరే. గడువు తేదీ అంటారా, ఏటా నవంబరులో మనం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ వంటిదే. యంత్రం కూడా గడువు తీరేలోగా తాను ఫలానా అని మళ్లీ రుజువు చూపించుకోవాలి. చూపించకపోతే ఎంత పెద్ద బ్యాంకు యంత్రమైనా రెండవ యంత్రం మాట్లాడదు.

మన దేశంలో ఈ కథకు హైదరాబాదుతో గట్టి సంబంధం ఉన్నది. రిజర్వు బ్యాంకు 1996లో బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన కోసం ఒక సంస్థను మాసాబ్ ట్యాంక్ ప్రాంతంలో నెలకొల్పింది. ఐ.డి.ఆర్.బి.టి. అని దానిని పిలుస్తారు. 2000 అక్టోబరు 17న సమాచార సాంకేతిక చట్టం అమలులోకి వచ్చి డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించింది. ఆ చట్టం కింద లైసెన్సు పొంది ఈ సంస్థ బ్యాంకులకు సర్టిఫికెట్లు ఇవ్వసాగింది. 2004 మార్చిలో ఆర్.టి.జి.ఎస్., 2005 నవంబరులో ఎన్.ఇ.ఎఫ్.టి. మొదలైనప్పుడు, బ్యాంకుల మధ్య నడిచే సందేశాలకు భద్రత ఈ సంతకాల ద్వారానే ఏర్పడింది. అప్పుడు నేను ఇంకా సర్వీసులోనే ఉన్నాను. డ్రాఫ్టు పుచ్చుకొని రోజుల తరబడి వేచి ఉన్న ఖాతాదారులు, డబ్బు అదే రోజు చేరడం చూసి మొదట్లో నమ్మలేకపోయారు. నమ్మకం యంత్రానికి అప్పటికే కుదిరింది, మనుషులకు కుదరడానికే కొంత కాలం పట్టింది.

కావలి ఉన్నా జాగ్రత్త అవసరం

లెక్క ఎంత గట్టిదైనా తాళంచెవి దాచేది మనిషే. నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలోకి 2011లో దుండగులు చొరబడి 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. సంతకాలన్నీ లెక్క ప్రకారం సరియైనవే. పెట్టిన చేయి మాత్రం దొంగది. ఆ సెప్టెంబరులోనే సంస్థ దివాలా తీసింది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలోకి దొంగలు ప్రవేశించి, ఆ బ్యాంకు పేరు మీదనే న్యూయార్కుకు చెల్లింపు సందేశాలు పంపారు. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు వెళ్లిపోయాయి. శ్రీలంకకు బయలుదేరిన మరో 2 కోట్ల డాలర్లు మాత్రం దక్కాయి. పేరులో ఒక మాట స్పెల్లింగు తప్పుగా ఉండటం మధ్యలో ఉన్న బ్యాంకు వారి దృష్టికి వచ్చి ప్రశ్నించారు. వోచరులో పేరు, మొత్తం, తేదీ రెండేసి సార్లు చూసే మన పాత అలవాటుకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇంకొక మాట. పెద్ద సంఖ్యలను సులువుగా విడగొట్టే మార్గం క్వాంటం కంప్యూటరుకు ఉన్నదని పీటర్ షోర్ 1994లో చూపించారు. అంత శక్తి గల యంత్రం రాకముందే సిద్ధంగా ఉండాలని, 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ కొత్త పద్ధతులను ప్రకటించింది. కాబట్టి మన ఆయిలర్ సూత్రం కూడా ఏదో ఒకనాడు ఈ కాపలా ఉద్యోగం నుండి పదవీ విరమణ చేయవలసిందే. అంతవరకు అది చేసిన సేవ మాత్రం తక్కువది కాదు.

ఆయిలర్ గారు ఈ సూత్రం రాసినప్పుడు ఏ బ్యాంకూ ఆయన దృష్టిలో లేదు. సంఖ్యల్లో దాగిన క్రమం చూడటమే ఆయన కోరిక. మన సర్వీసులో కూడా ఎవరూ మెచ్చుకోకపోయినా సక్రమంగా రాసిన లెడ్జరులు, ముడివేసి భద్రపరచిన ఫైళ్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏది ఎవరికి ఎప్పుడు అక్కరకు వస్తుందో మనకు తెలియదు. చేసిన పని తప్పు లేకుండా ఉంటే చాలునని ఆయన జీవితం నాకు ధైర్యం చెబుతుంది.

ఒక విన్నపంతో ముగిస్తాను. యంత్రాలు తమ రహస్య సంఖ్యను ఏ ఇతర యంత్రానికీ చెప్పవు. మనం కూడా పిన్ నంబరు, ఓటీపీ ఫోనులో ఎవరు అడిగినా చెప్పకూడదు. బ్యాంకు నుండి అన్నా, పింఛను ఆఫీసు నుండి అన్నా చెప్పకూడదు. నిజమైన సంతకాన్ని సరిచూడటానికి ఎదుటివారికి మన రహస్యం అవసరం లేదని ఆయిలర్ లెక్క వల్ల తెలిసింది కదా. రహస్యం అడుగుతున్నాడంటేనే వాడు సరిచూసేవాడు కాదు, కాజేసేవాడు. ఇంట్లో పిల్లలకు, ముఖ్యంగా ఒంటరిగా ఉంటున్న మన సభ్యులకు, ఫ్యామిలీ పెన్షనర్లైన సోదరీమణులకు ఈ సంగతి విడమర్చి చెప్పవలసిందిగా మనవి.